స్కేలు మీద పంతొమ్మిది సెకన్లు

"తాతయ్యా, ఇంజను కుంటుతోంది" అని మా మనవడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. పదో పుట్టినరోజుకు వాళ్ళమ్మ కొనిచ్చిన రైలు సెట్టు అది. గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, ఒక కంట్రోలరు, రెండు పెట్టెలు, ఒక డీజిల్ ఇంజను. అన్నీ కలిపి ఆరువేల చిల్లర. కొని నాలుగు నెలలు కూడా నిండలేదు. కొన్న దుకాణానికి తీసుకెళ్తే "దీనికి విడిభాగాలు రావు మేడమ్, ఇంకోటి తీసుకోండి" అన్నారట. వాడు మాత్రం ఇంకోటి వద్దన్నాడు. దసరా సెలవులకు గుత్తి వచ్చేటప్పుడు ఇంజన్ను తువ్వాల్లో చుట్టి బట్టల బ్యాగులో పెట్టుకుని తెచ్చాడు.

నేను గుత్తి డీజిల్ షెడ్డులో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. నా చేతుల్లో ఎక్కువగా నలిగినవి డబ్ల్యూడీఎం-2 ఆల్కో ఇంజన్లు. ఇంజను కుంటుతోందని డ్రైవరు రాసిపోతే మేం మొదట చేసే పని వినడం. విప్పడం ఆ తర్వాత. అందుకని వరండాలో పట్టాలు పరిపించి, వాణ్ణి నడపమని, నేను చెవి నేలకు ఆనించి పడుకున్నాను. టక్. టక్. టక్. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఇంజను ఎంత దూరం పోతోందో సుద్దముక్కతో గీతలు గీయమన్నాను. నాలుగు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. చక్రం వ్యాసం కొలిస్తే 12 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత దాదాపు 38 మిల్లీమీటర్లు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక దెబ్బ అన్నమాట. చక్రం ఒకసారి తిరిగేలోగా మోటారు పదిసార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి, మోటారులో తప్పుంటే దెబ్బలు ఇంకా వెంటవెంటనే వినిపించాలి. కాబట్టి మోటారు మంచిదే. తప్పు ఇరుసు మీద ఉంది.

విప్పి చూస్తే అలాగే తేలింది. ఇరుసుకు బిగించిన తెల్లటి నైలాన్ గేరు మీద వెంట్రుకంత చీలిక. చీలిన చోట రెండు పళ్ళ మధ్య సందు వెడల్పయింది. పక్క గేరు పన్ను అక్కడికి వచ్చినప్పుడల్లా కుదరక ఎగిరిపడుతోంది. అదే ఆ టక్కు.

ఆరువేలు పోసి కొన్న వస్తువు, పది రూపాయలు కూడా చెయ్యని ఒక గేరు దగ్గర ఆగిపోయింది. ఆ గేరు ఒక్కటి దొరికితే చాలు, మళ్ళీ నడుస్తుంది. అది దొరకదు. నాకు బాధ కలిగింది ఇక్కడే. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నదీ అందుకే.

చౌక ఇంజను చెడిపోయిందని ఎవరితో చెప్పినా "అంత ధరకు అంతే వస్తుంది" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. ధర తగ్గించాలంటే తయారీదారు కొన్ని వదులుకోవాలి, అది న్యాయమే. ఏది వదిలాడు, ఏది ఉంచాడు అన్నదే ప్రశ్న. ఇంజను పని నడవడం, లాగడం. ఆ రెండింటికీ కావలసినవి ఉంచి, మిగతావి తీసేసి ధర తగ్గిస్తే అది మంచి చౌక ఇంజను. పైన తళతళలు ఉంచి, లోపల కోత పెడితే అది ఎంత ధరకు అమ్మినా మోసమే. ఈ తేడా కనిపెట్టడానికి షెడ్డులో పనిచేసి ఉండనక్కర్లేదు. ఒక స్కేలు, ఒక తక్కెడ, నాలుగు నాణేలు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ సెలవుల్లో మేమిద్దరం చేసిన పరీక్షలు వరసగా చెబుతాను.

మొదటిది బరువు. మా వీధి చివర కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టిస్తే ఇంజను 110 గ్రాములు తూగింది. ఇది ఎక్కువా తక్కువా? ఇక్కడ వాడికి ఒక లెక్క చెప్పాను. ఈ బొమ్మ హెచ్‌ఓ స్కేలుది. అంటే అసలు ఇంజనులో 87వ వంతు. పొడవు 87వ వంతు, వెడల్పు 87వ వంతు, ఎత్తు 87వ వంతు. కాబట్టి బరువు తగ్గాల్సింది 87 రెట్లు కాదు, 87ను 87తోనూ, మళ్ళీ 87తోనూ గుణించినన్ని రెట్లు. అది 6,58,503. మా డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు. దాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే సుమారు 171 గ్రాములు. వాడు కాగితం మీద మూడుసార్లు చేసి చూసుకున్నాడు. అంత పెద్ద ఇంజను పావుకిలో కూడా తూగదంటే వాడికి నమ్మబుద్ధి కాలేదు.

కానీ ఆ 171 గ్రాములు కూడా బొమ్మకు చాలవు. ఇరుసుల దగ్గర రాపిడి, పట్టా మీది దుమ్ము, గేర్ల బిగువు ఇవన్నీ బొమ్మతో పాటు 87 రెట్లు చిన్నవి కావు. అందుకే మంచి పేరున్న ఆరు ఇరుసుల డీజిల్ నమూనాలు 300 గ్రాములకు పైగానే తూగుతాయి. లోపల లోహపు చట్రం పోతపోసి పెడతారు కాబట్టి ఆ బరువు వస్తుంది. మావాడి ఇంజను నాలుగు ఇరుసులది, కాస్త చిన్నది. అయినా 110 గ్రాములంటే లోపల గాలి తప్ప ఏమీ లేదన్నమాటే. దుకాణంలో ఇంజన్ను అరచేతిలో పెట్టుకుని చూడండి. ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతే అది పట్టాను గట్టిగా పట్టుకోలేదు.

రెండోది లాగుడు. ఇంజను కొక్కేనికి దారం కట్టి, ఆ దారాన్ని బల్ల అంచు మీదుగా కిందికి వదిలి, కొసన చిన్న ప్లాస్టిక్ సంచిలో పదిరూపాయల నాణేలు వేస్తూ పోయాం. ఒక్కో నాణెం దాదాపు 7.7 గ్రాములు. మావాడి ఇంజను రెండు నాణేలను లాగింది. మూడోది వెయ్యగానే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఇంజను తన బరువులో సుమారు అయిదో వంతు లాగగలిగితే ఆరోగ్యంగా ఉన్నట్టు. చక్రాలు జారడం తప్పు కాదని కూడా ఇక్కడే వాడికి చెప్పాను. మోయలేని బరువు తగిలినప్పుడు చక్రాలు జారాలి. జారకుండా మోటారు బిగుసుకుని ఆగిపోతే ఆ కరెంటంతా తీగచుట్టలో వేడై, చుట్ట కాలిపోతుంది. పెద్ద ఇంజన్లలో చక్రం జారితే డ్రైవరుకు దీపం వెలిగి తెలుస్తుంది, ఇసుక వదులుతాడు. చిన్న ఇంజనుకు ఆ జారుడే రక్షణ.

లాగుడు పెంచడానికి కొందరు తయారీదారులు చక్రానికి రబ్బరు పట్టీ తొడుగుతారు. బరువు పెట్టడం కంటే అది చౌక. కానీ రబ్బరు తొడిగిన చక్రం పట్టా నుంచి కరెంటు తీసుకోలేదు. ఒకచోట మిగిలింది ఇంకోచోట పోతుంది. అన్ని చక్రాలూ కరెంటు తీసుకునే ఇంజనులో ఒకటో రెండో పట్టీలుంటే ఫరవాలేదు. మొత్తం నాలుగు చక్రాలే కరెంటు తీసుకుంటూ, అందులో ఒకదానికి రబ్బరుంటే మాత్రం ఆ ఇంజను అడుగడుగునా ఆగుతుంది.

మూడోది ఆ కరెంటు సంగతే. ఇలాంటి రైళ్ళకు ఒక పట్టా నుంచి కరెంటు లోపలికి, రెండో పట్టా ద్వారా బయటికి. మామూలుగా 12 వోల్టుల డీసీ. చక్రం వెనక సన్నటి రాగిరేకు ఒరుసుకుంటూ ఆ కరెంటును మోటారుకు చేరుస్తుంది. ఇంజను తిరగేసి ఎన్ని చక్రాల వెనక రేకులున్నాయో లెక్కపెట్టండి. ఎనిమిదింటికీ ఉంటే మంచిది. మావాడిదాంట్లో నాలుగింటికే ఉన్నాయి. ముందు బోగీలో, అంటే ఇంజను కింద నాలుగు చక్రాలు బిగించిన చట్రంలో, కుడివైపు రెండు, వెనక బోగీలో ఎడమవైపు రెండు. దుకాణంలో విప్పనివ్వకపోతే ఇంకో దారి ఉంది. ఒక పట్టా మీద నాలుగు సెంటీమీటర్ల మేర సెల్లోటేపు అంటించి, దాని మీదుగా ఇంజన్ను నెమ్మదిగా నడిపించండి. ఒక బోగీ చక్రాలు టేపు మీదున్నా రెండో బోగీ కరెంటు అందిస్తే ఇంజను దాటుతుంది. అందించకపోతే అక్కడే చచ్చిపోతుంది. మావాడిది చచ్చిపోయింది. ఇంట్లో, పట్టా రెండుగా చీలే పాయింట్ల మీద, ప్లాస్టిక్ ముక్క ఉన్న చోటల్లా ఎందుకు ఆగేదో వాడికి అప్పుడర్థమైంది. అప్పటిదాకా పట్టాలు తనే సరిగ్గా అమర్చలేదనుకున్నాడు పాపం.

నాలుగోది చక్రాల మధ్య కొలత. పెద్ద రైలుకు దీన్ని మించిన పరీక్ష లేదు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం దానికి తగ్గట్టు కచ్చితంగా ఉండాలి. అనుమతించిన హద్దు దాటితే ఆ ఇరుసును బయటికి పంపేవాళ్ళం కాదు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 అటూ ఇటూ ఉండాలి. నా పాత వెర్నియర్‌తో కొలిస్తే మావాడి ఇంజనులో ఒక ఇరుసు 14.4 చూపింది, ఇంకోటి 13.9 చూపింది. పాయింటు దగ్గర మాటిమాటికీ పట్టా తప్పుతున్నది ఆ రెండో ఇరుసే. చక్రాన్ని మెలితిప్పుతూ అర మిల్లీమీటరు బయటికి జరిపాను. ఆ రోజు నుంచి పట్టా తప్పలేదు. ఇది తయారీలో ఖర్చు తగ్గించడం వల్ల వచ్చిన తప్పు కాదు. పెట్టెలో పెట్టే ముందు ఒకసారి కొలిచి చూసే మనిషి లేకపోవడం వల్ల వచ్చింది.

ఇక అసలు పరీక్ష నడక. చాలామంది ఇంజను ఎంత వేగంగా పోతుందో చూస్తారు. దుకాణంలోనూ కంట్రోలరు మొత్తం తిప్పి రయ్యిమని తిప్పి చూపిస్తారు. మావాడి ఇంజను నిండు వేగంలో సెకనుకు ఒక మీటరు పోయింది. దాన్ని 87తో గుణించి గంటకు లెక్కవేస్తే 313 కిలోమీటర్లు. డబ్ల్యూడీఎం-2 గరిష్ఠ వేగం గంటకు 120. ఆ వేగాన్ని బొమ్మలో చూపాలంటే సెకనుకు 38 సెంటీమీటర్లు చాలు. వేగంగా పోవడం ఏ మోటారైనా చేస్తుంది. ఇంజను గుణం తెలిసేది నెమ్మదిగా నడిచినప్పుడే.

ప్లాట్‌ఫారం మీద నిలబడి, పెట్టెలకు ఇంజను తగిలించడం ఎప్పుడైనా చూశారా? వందటన్నుల పైబడిన ఇనుము మనిషి నడిచే వేగం కంటే తక్కువలో, అంగుళం అంగుళం వచ్చి, పెట్టెను ముద్దుపెట్టుకున్నట్టు ఆనుకుంటుంది. లోపల పడుకున్న పసిబిడ్డ లేవదు. లేచిందంటే ఆ డ్రైవరుకు నామోషీ. మనిషి నడక గంటకు అయిదు కిలోమీటర్లనుకుంటే, హెచ్‌ఓలో అది సెకనుకు 1.6 సెంటీమీటర్లు. బళ్ళోకి తీసుకెళ్ళే ముప్పై సెంటీమీటర్ల స్కేలును పట్టా పక్కన పెట్టండి. కంట్రోలరును ఇంజను కదిలీ కదలనంత దగ్గర ఉంచండి. స్కేలు ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి పంతొమ్మిది సెకన్లు పడితే ఆ ఇంజను మనిషి నడక నడుస్తున్నట్టు. మావాడిది మూడు సెకన్లలో దాటింది. అంటే గంటకు 31 కిలోమీటర్లు. అంతకంటే తగ్గిస్తే ఆగిపోతోంది, పెంచితే ఒక్క గెంతు గెంతుతోంది.

ఈ ఒక్క పరీక్షలో మిగతా అన్నీ కలిసి బయటపడతాయి. గేరు పళ్ళు సమంగా లేకపోతే నెమ్మదిలో తెలుస్తుంది. కరెంటు అందకపోతే నెమ్మదిలో తెలుస్తుంది. ఇరుసు బిగుసుకుంటే, గ్రీజు గడ్డకడితే, బరువు చాలకపోతే అన్నీ అక్కడే తెలుస్తాయి. మోటారులో మూడు ధ్రువాలే ఉంటే తిరిగేటప్పుడు చిన్న చిన్న కుదుపులుంటాయి. అయిదు ధ్రువాలుంటే నునుపుగా తిరుగుతుంది. షాఫ్టుకు ఇత్తడి ఫ్లైవీల్ ఒకటి తగిలిస్తే కరెంటు ఒక క్షణం పోయినా ఇంజను ఊపుతో దాటేస్తుంది. వేగంలో ఈ లోపాలన్నీ దాక్కుంటాయి. అందుకే కొనేవాళ్ళు దుకాణంలో "నెమ్మదిగా నడిపి చూపించండి" అని గట్టిగా అడగాలి. చూపించనంటే ఆ ఇంజను కొనకండి.

ఇప్పుడు తయారీదారు ఏవి వదులుకోవచ్చో కూడా చెప్పడం న్యాయం. చేతికమ్మీలు విడిగా సన్నటి తీగతో చెయ్యనక్కర్లేదు, పైకప్పుతో కలిపి పోతపోస్తే చాలు. డ్రైవరు క్యాబిన్ లోపల కుర్చీ అక్కర్లేదు. రంగులు రెండు చాలు. దీపం ఒకవైపే వెలిగినా ఫరవాలేదు. హారను మోతలు, రిమోట్ డీకోడర్లు అక్కర్లేదు. మోటారుకు మూడు ధ్రువాలున్నా సర్దుకోవచ్చు. మన బ్రాడ్‌గేజిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన వస్తుంది. కాబట్టి మన ఇంజను నమూనాను 16.5 పట్టా మీద నిలబెడితే కాళ్ళు దగ్గరగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. దాన్నీ నేను లోపంగా లెక్కపెట్టను. అందరూ వాడే పట్టా మీద నడవడమే పిల్లవాడికి లాభం. బ్రిటన్‌లో హార్న్‌బీ కంపెనీ రైల్‌రోడ్ పేరుతో, జర్మనీలో పీకో కంపెనీ హాబీ పేరుతో తక్కువ ధర శ్రేణులు అమ్ముతున్నాయి. అక్కడ కోత ప్రధానంగా పైపై వివరాల మీద పడుతుంది. దారి అదే.

వదులుకోకూడనివి ఇవి: లోహపు చక్రాలు, అన్ని చక్రాలకూ కరెంటు, తగినంత బరువు, చీలిపోని గేరు, స్క్రూతో విప్పుకునే వీలు. మళ్ళీ ఆ గేరు దగ్గరికే వస్తాను. పెద్ద ఇంజనులో చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటారు షాఫ్టుకు పినియన్ అనే చిన్న గేరు ఎక్కించేటప్పుడు దాన్ని వేడిచేసి, కాస్త వ్యాకోచించాక తొడిగి, చల్లారనిస్తాం. చల్లారి బిగుసుకున్నాక అది ఉక్కు కాబట్టి ఏళ్ళ తరబడి ఆ బిగువును ఓర్చుకుంటుంది. బొమ్మ ఇంజనులో కూడా చిన్న రంధ్రమున్న నైలాన్ గేరును లావు ఇరుసు మీదికి బలవంతంగా ఎక్కిస్తారు. నైలాన్ ఆ బిగువును ఓర్చుకోలేదు. వాడినా వాడకపోయినా, అల్మారాలో కూర్చునే చీలుతుంది. రంధ్రం కొలతను సరిచేస్తే చాలు, పైసా ఎక్కువ ఖర్చు కాదు. చౌకదనం పేరు చెప్పి క్షమించడానికి వీల్లేని తప్పు ఇది.

"పిల్లల బొమ్మకు ఇంత గొడవా?" అని అడిగేవాళ్ళున్నారు. ఆరువేలు మా అమ్మాయి లాంటి ఉద్యోగికి చిన్న సొమ్ము కాదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. పదేళ్ళ పిల్లవాడికి యంత్రం మీద మొదటిసారి ఇష్టం పుట్టే వయసది. ఆ వయసులో చేతికొచ్చిన యంత్రం నాలుగు నెలల్లో ఆగిపోయి, పెద్దవాళ్ళు "పారేసి ఇంకోటి కొను" అంటే, చెడినదాన్ని బాగుచెయ్యొచ్చన్న ఆలోచనే వాడికి రాదు. ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన మొదటి రైళ్ళను మార్కెట్లోకి తెచ్చినప్పుడు వాటిని నట్లు బోల్టులతో విప్పి మళ్ళీ బిగించుకునేలా చేశాడు. అవి తాళంచెవి తిప్పితే నడిచే రేకు ఇంజన్లు. వందేళ్ళ తర్వాత మన పిల్లల చేతికి జిగురుతో అతికించిన ఇంజను వస్తోంది.

మన దేశంలో బొమ్మల మీద చట్టం లేదా అంటే ఉంది. 2020లో వచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. చాలా మంచి పని అది. కానీ ఆ ముద్ర చెప్పేది భద్రత గురించి. రంగులో విషముందా, అంచు కోసుకుంటుందా, ముక్క ఊడి గొంతులో పడుతుందా, నిప్పంటుకుంటుందా అని చూస్తారు. ఇంజను నడుస్తుందా, ఎన్నాళ్ళు నడుస్తుంది, చెడితే బాగవుతుందా అన్నది ఆ ముద్రలో లేదు. కొనేవాళ్ళు ముద్ర చూసి నాణ్యత ఉందనుకుంటారు. భద్రత వేరు, నాణ్యత వేరు.

ఇంకో సంగతీ ఉంది. బొమ్మల దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. మన తయారీదారులు ఎదగాలన్న ఉద్దేశం మంచిదే, నేను కాదనను. అయితే బయటి మంచి సరుకు మధ్యతరగతికి అందనప్పుడు, ఇక్కడ అమ్మేవాళ్ళ బాధ్యత రెట్టింపవుతుంది. ఎంచుకునే వీలు తగ్గించినచోట, నమ్మకం పెంచాలి కదా. 1962లో అమెరికా నుంచి మొదటి డబ్ల్యూడీఎం-2లు దిగాయి. 1964 నాటికి వారణాసిలో మనమే వాటిని తయారుచెయ్యడం మొదలుపెట్టాం. ఆ ఇంజన్ల మీద నేను అన్నం తిన్నాను. అరచేతిలో పట్టే ఇంజను మనకు చేతకాదంటే నేను నమ్మను.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి ఇంజను పెట్టె మీద అయిదు సంగతులు అచ్చువెయ్యాలి. బరువు ఎన్ని గ్రాములు. ఎన్ని చక్రాలు కరెంటు తీసుకుంటాయి. సమతలం మీద ఎంత లాగుతుంది. ఆగకుండా ఎంత నెమ్మదిగా నడుస్తుంది. గేరు, రాగిరేకు, మోటారు విడిగా ఎక్కడ దొరుకుతాయి. ఫ్యాను పెట్టె మీద వాట్లు, నూనె ప్యాకెట్ మీద తూకం వేస్తున్నాం. దీనికీ వెయ్యొచ్చు. ప్రభుత్వం చెప్పేదాకా ఆగకుండా మంచి తయారీదారు ఒకడు ముందు మొదలుపెడితే, మిగతావాళ్ళను కొనేవాళ్ళే అడుగుతారు.

మావాడి ఇంజను సంగతి చెప్పి ముగిస్తాను. చీలిన గేరును ఇరుసు నుంచి ఊడదీసి, ఇరుసు మీది గరుకును సన్న ఎమరీ కాగితంతో కొద్దికొద్దిగా తగ్గించాను. గేరు మళ్ళీ తొడిగితే చీలిక మూసుకుంది. తిరక్కుండా ఒక చుక్క బేరింగు జిగురు వేశాను. టైర్ల దుకాణంలో చక్రం బ్యాలెన్సింగుకు అంటించే పది గ్రాముల ఇనుప ముక్కలు ఎనిమిది తెచ్చి లోపల రెండువైపులా సమంగా అంటించాం. సీసం ముక్కలు ఇవ్వబోతే వద్దన్నాను, పిల్లల వస్తువులో సీసం ఉండకూడదు. బరువు 190 గ్రాములైంది. మిగిలిన నాలుగు చక్రాలకు పాత రిలే నుంచి తీసిన రాగిరేకులు కత్తిరించి, సన్నతీగతో మోటారుకు కలిపాను. సోల్డరింగు వాడే చేశాడు. నేను వాడి మణికట్టు పట్టుకుని ఉన్నానంతే.

సాయంత్రం మళ్ళీ వరండాలో స్కేలు పెట్టాం. వాడు బోర్లా పడుకుని, కంటిని పట్టా ఎత్తుకు తెచ్చుకుని, గోడగడియారం సెకన్లను నన్ను చదవమన్నాడు. సెల్లోటేపు మీద ఇంజను ఆగలేదు. టక్కు లేదు. స్కేలు దాటడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. పంతొమ్మిది రాలేదు, మూడు ధ్రువాల మోటారుతో రావడం కష్టం. దారానికి నాలుగు నాణేలు లాగింది. వాడు తన బళ్ళోని రఫ్ నోటులో ఒక పేజీకి గీతలు కొట్టి రాసుకున్నాడు. బరువు: 110, ఇప్పుడు 190. కరెంటు తీసుకునే చక్రాలు: 4, ఇప్పుడు 8. నాణేలు: 2, ఇప్పుడు 4. స్కేలు: 3 సెకన్లు, ఇప్పుడు 9.

కింద ఇంకో వరస రాశాడు. "గేరు దొరికే చోటు." దాని పక్కన ఏం రాయాలి తాతయ్యా అని అడిగాడు. ఖాళీగా ఉంచమన్నాను. ఆ ఖాళీ నింపాల్సింది నేను కాదు, ఆ ఇంజన్ను మా పిల్లవాడికి అమ్మినవాళ్ళు.